కలిసి వాయించే ముందు

కలిసి పాడబోయే మనిషి ఎవరో ముందుగా ఫోన్‌లో వెదకి చూసుకోవడం ఉత్తర తెలంగాణ జానపద కళారంగంలో నేడు కొత్త విషయమేమీ కాదు. జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో వంటి ప్రయత్నాలు పల్లె మాటకూ పల్లె బతుకుకూ యూట్యూబ్‌లో చోటున్నదని చూపిన తరువాత, కరీంనగర్ చుట్టుపక్కల జానపద గీతాల వీడియోలు ఎందరికో జీవనాధారంగా పెరిగాయి. ఒక ఊరిలో పాట రాసినవారు, మరో ఊరి గాయని, ఇంకెక్కడి నుంచో వచ్చిన డప్పు కళాకారుడు, పట్నంలో స్టూడియో నడిపే వ్యక్తి ఒక్క పాట కోసం కలిసి, అది పూర్తికాగానే విడిపోయే పద్ధతిలో, ఎదుటివారి గురించి తెలుసుకోవడానికి చేతిలోని ఫోనే మొదటి ఆధారమవుతున్నది. ఈ ఆరా మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం కన్నా, అది దేనిని చూపుతున్నది, దేనిని చూపలేకపోతున్నది, ఎవరికి మేలు చేస్తున్నది అని విచారించడం అవసరం.

నేపథ్యం తెలియకుండా కలిసి వాయించడం ఈ నేలమీద ఎన్నడూ లేదు. తెలంగాణ కథాగాన సంప్రదాయాలు చాలావరకు మిరాశి పద్ధతిమీద నిలిచాయి. మిరాశి అంటే ఒక ఆశ్రిత కుటుంబం తనకు చెందిన కొన్ని ఊళ్లలో, తన దాత కులం ముందు కథ చెప్పి, కట్నకానుకలు స్వీకరించే వంశపారంపర్య హక్కు. కురుమలకు బీరప్ప కథ చెప్పే ఒగ్గువారు, పద్మశాలీలకు భావనారుషి కథ చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథలు చెప్పే కాకిపడగలవారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటంవారు, మాదిగలకు జాంబపురాణం వినిపించే డక్కలివారు ఊరికి రాకముందే వారెవరో, ఏ ఇంటికి ఏమవుతారో, ఏ ఊళ్లు ఎవరి వంతో అందరికీ ఎరుకే. ఆ బృందాలలో వంతపాడేవారూ వాయిద్యం పట్టేవారూ ఎక్కువగా రక్తసంబంధీకులే కనుక, పక్కన కూర్చున్నవారి గురించి అడిగి తెలుసుకోవలసిన సందర్భమే అరుదు.

ఆదిలాబాద్ అడవులలో ఈ ఎరుక ఇంకా లోతైనది. రాజ్‌గోండుల సమాజం నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగలుగా, అంటే ఒకే మూలదైవ సమూహాన్ని కొలిచే గోత్రకూటములుగా విభజితమై ఉంది. ఆయా గోత్రాలకు తరతరాలుగా పర్ధాన్లు గాయకులుగా, కథకులుగా ఉన్నారు. కిక్రి అనే మూడు తీగల కమానువాద్యం, పెప్రె అనే సన్నాయివంటి ఊదువాద్యం చేతబట్టి, గోత్రదైవమైన పెర్సాపేన్ పూజలోను, పెళ్లిలోను, చావులోను దాత వంశపు పుట్టుపూర్వోత్తరాలను గానం చేయడం పర్ధాన్ విధి. 1940వ దశకం తొలినాళ్లలో మార్లవాయిలో నివసించి, 1948లో రాజ్‌గోండులపై గ్రంథం ప్రకటించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఈ బంధాన్ని వివరంగా నమోదు చేశాడు. పర్ధాన్‌కు దాత నేపథ్యం తెలియడం పరిచయానికి ముందు పూర్తిచేసే లాంఛనం కాదు. ఆ నేపథ్యమే అతని పాట. వంశక్రమాన్ని తప్పుగా పాడితే స్వరం ఎంత శ్రావ్యమైనా ఆ గానం చెల్లదు.

ఇదే సమాజంలో కొత్తవారిని కలుపుకునే పద్ధతులు కూడా ముఖాముఖిగానే సాగుతాయి. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మొదలయ్యే నాగోబా జాతరలో, మెస్రం వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లను దేవుడికీ పెద్దలకూ పరిచయం చేసే భేటింగ్ అనే ఆచారం ఉంది. దీపావళి రోజులలో దండారీ నృత్య బృందాలు ఒక ఊరి నుంచి మరో ఊరికి అతిథులుగా వెళ్లి, నెమలి పింఛాల టోపీలు ధరించిన గుస్సాడీలతో కలిసి ఆడి, ఆతిథ్యం స్వీకరించి, అనేకసార్లు పెళ్లి సంబంధాలకు దారి వేసుకుని తిరిగివస్తాయి. 2021లో పద్మశ్రీ పొందిన మార్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజు కళ ఇటువంటి రాకపోకల నుంచి ఎదిగినదే. ఎవరు ఎవరో చెప్పవలసిన బాధ్యత ఇక్కడ ఊరిదీ పెద్దలదీ. ఆ మాట అందరి ఎదుట చెప్పేది కనుక దానికి జవాబుదారీ ఉంటుంది.

అయితే పాత ఎరుకను పూర్తిగా మెచ్చుకోవడానికి వీలులేదు. అది తరచుగా ఒకవైపు ఎరుక. పర్ధాన్ దాత వంశాన్ని ఏడు తరాలు పాడగలడు కాని, పర్ధాన్ ఇంటి చరిత్రను పాడేందుకు ఎవరూ నియుక్తులు కారు. డప్పు ఎవరు కొట్టాలో, సన్నాయి ఎవరు ఊదాలో, ఎవరు గడప దాటాలో, ఎవరు వాకిట్లోనే నిలవాలో నిర్ణయించినది కూడా ఈ ఎరుకే. కులం తెలిస్తే మనిషి తెలిసినట్లేనన్న భావన సంగీతాన్ని ఎంతగా నిలబెట్టిందో అంతగా బంధించింది. కులాన్ని దాటి ఎవరైనా ఎవరితోనైనా కలిసి పాడగల ఈనాటి అవకాశం నిజమైన విముక్తి. దానిని కాపాడుకోవలసి ఉంది.

ఈ విముక్తికి ప్రమాదం అదే ఫోన్ నుంచి రావడం విచారకరం. వీడియో కింద కనిపించే ఇంటిపేరు చూసి కులాన్ని, కులాన్ని బట్టి ‘స్థాయి’ని అంచనా వేసేవారు ఇంకా ఉన్నారు. మిరాశి కాలంలో కనీసం ఆ కులానికి ఒక కథ, ఒక హక్కు, ఒక గౌరవస్థానం ఉండేవి. ఫోన్‌లో తెలిసే కులానికి అవేవీ ఉండవు, అనుమానమొక్కటే మిగులుతుంది. వీక్షణల సంఖ్యను ప్రతిభకు కొలతగా తీసుకోవడం రెండవ ప్రమాదం. రాత్రంతా కథ నడిపించగల ఒగ్గు కళాకారుడి బలం నాలుగు నిమిషాల వీడియోలో వ్యక్తం కాదు. చిన్న వీడియోకు అతికినట్లు పాడగలవారికి తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టే శక్తి ఉండాలనీ లేదు.

వెదుకులాట చూపలేనిది ఇంతకన్నా ఎక్కువ. ఆదిలాబాద్‌లో గోండులకూ పర్ధాన్లకూ మెస్రం, ఆత్రం, కుమ్ర, సిడాం వంటి గోత్రనామాలు ఉమ్మడిగా ఉన్నందువల్ల, పేరును బట్టి దాత ఎవరో గాయకుడు ఎవరో తేలదు. ఇక్కడి పర్ధాన్లలో చాలామంది ఇంట మాట్లాడేది మరాఠీ, పాడేది గోండీ; భాషను బట్టి వెదికేవారికి ఈ రెండు ముఖాలు ఒకే మనిషివని తోచదు. గోండీని ఒకరు తెలుగు లిపిలో, ఒకరు దేవనాగరిలో రాస్తారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి, కంప్యూటర్లన్నింటికీ ఉమ్మడి అక్షరసంకేతాలను నిర్ణయించే యూనికోడ్‌లో 2018లో మాత్రమే చోటు లభించింది. 2016 అక్టోబరులో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు విడిపోయి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, మంచిర్యాల, నిర్మల్, కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలు ఏర్పడటంతో, పాత రికార్డులలో ఒక జిల్లాకు చెందిన కళాకారుడు కొత్త రికార్డులలో మరో జిల్లాకు చెందినవాడవుతున్నాడు. ఇన్ని అడ్డంకుల మధ్య వెదికి ఏమీ దొరకలేదంటే, ఆ మనిషి వద్ద కళ లేదని అర్థం కాదు. అతని గురించి రాయవలసినవారు రాయలేదని అర్థం.

వేములవాడ సమీపంలోని హన్మాజీపేట దీనికి గట్టి నిదర్శనం. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం పొందిన సి. నారాయణరెడ్డి, ఒగ్గు కథకు పేరు తెచ్చిన మిద్దె రాములు ఈ ఒక్క ఊరివారే. మొదటివారి కృషి అచ్చులో, గ్రంథాలయాలలో, పాఠ్యపుస్తకాలలో నిలిచింది కనుక ఎప్పుడు ఎవరు వెదికినా దొరుకుతుంది. రెండవవారి కళ గొంతులో, అందెల చప్పుడులో, విన్నవారి జ్ఞాపకంలో ఉండేది కనుక, 2010లో ఆయన మరణంతో అందులో చాలా భాగం వెదుకులాటకు అందని చోటికి వెళ్లిపోయింది. ప్రతిభలో తేడా వల్ల వచ్చిన లోటు కాదిది, నమోదులో తేడా వల్ల వచ్చినది.

మరి నేపథ్యం చూడకుండా చెవినే నమ్మితే సరిపోతుందా? అమెరికాలోని పెద్ద వాద్యబృందాలు 1970, 80 దశకాలలో, వాయించేవారు ఆడవారో మగవారో, ఏ జాతివారో తెలియకుండా తెర వెనుక నుంచి వినే ఎంపిక పద్ధతిని విస్తృతంగా చేపట్టాయి. పక్షపాతాన్ని తగ్గించడంలో ఆ తెర విలువ కాదనలేనిది. ఒక వీడియో పాటకు గాయనిని ఎంచుకునేవారు కూడా ముందు గొంతు విని, తరువాతనే పేరు చూడటం అలవాటు చేసుకోవచ్చు. కాని కిక్రి పట్టిన పర్ధాన్‌ను తెర వెనుక కూర్చోబెట్టలేము. అతడు ఏ గోత్రానికి పాడే హక్కు కలవాడో తెలియకుండా ఆ పాటను ఒక ‘ట్యూన్’గా తీసుకుని వీడియోలో కలపడం, వినయం లేని చెవి చేసే దోపిడీ. ఇటువంటి చోట నేపథ్యం తెలుసుకోవడం బాధ్యత. అతడి అనుమతి అడగడం, ఆ పాట ఏ సందర్భంలో పాడేదో, ఎక్కడ పాడకూడనిదో తెలుసుకోవడం ఆ బాధ్యతలో భాగం.

ఆరా తీయడం న్యాయమైన సందర్భాలు ఇంకా ఉన్నాయి. రాత్రివేళ ప్రోగ్రాములకు, దూరపు ఊళ్లలో షూటింగులకు ఒంటరిగా వెళ్లవలసిన గాయనులు, పిలిచినవారు ఎవరో, ఇదివరకు ఎవరితో పనిచేశారో, ఒప్పుకున్న పైకం చేతికి ఇచ్చారో లేదో విచారించుకోవడం ఆత్మరక్షణ. దానిని అనుమానమని నిందించే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ విచారణకు ఫోన్ తెర కన్నా, ఆ బృందంతో పనిచేసిన మరో గాయని చెప్పే మాట నమ్మదగినది. తెరమీద మంచిపేరును కొనుక్కోవచ్చు, పుకారుతో ఒకరి పేరు పాడుచేయనూ వచ్చు. కలిసి ప్రయాణించినవారి సాక్ష్యానికి అటువంటి లోపం తక్కువ.

కనుక ఆరాకు ఒక నీతి కావాలి. భద్రత కోసం, పాటకు న్యాయం చేయడం కోసం తెలుసుకోవడం తగును. హెచ్చుతగ్గులు నిర్ణయించడం కోసం తెలుసుకోవడం తగదు. అడిగేవారు తమ గురించి కూడా అంతే చెప్పగలిగి ఉండాలి. పర్ధాన్ వంశం గురించి దాత కూడా నేర్చుకున్నప్పుడే పాత బంధంలోని అన్యాయం తీరుతుంది. తెలుసుకున్నదానిని వారి సమ్మతితో నమోదు చేయడం చివరి అంగం. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ, తన ప్రదర్శనలో తన పేరు గుర్తింపబడాలని కోరే నైతిక హక్కును కళాకారులకు ఇచ్చింది. అయినా వీడియోల కింద నిర్మాత పేరు, ఛానెల్ పేరు నిండుగా ఉండి, డోలు వాయించినవారి పేరు, వంత పాడినవారి ఊరు లేకపోవడం సాధారణంగా కనిపిస్తున్నది.

వరంగల్‌లో తెలుగు విశ్వవిద్యాలయపు జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉన్నది. ప్రతి జిల్లాలో కళాశాలలున్నాయి. విద్యార్థులు ఊరూరా తిరిగి కళాకారుల పేరు, ఊరు, వాద్యం, గురుపరంపర, వచ్చిన కథలు, ఏ పాట ఎవరి అనుమతితో పాడాలో వారి మాటలలోనే, వారి లిపిలోనే రాసి పెట్టే పని మొదలుపెడితే, రేపు వెదికే చేతికి పుకార్ల బదులు వారి సొంత మాట దొరుకుతుంది. వీడియోలు తీసేవారు ఆ పనికోసం ఆగనవసరం లేదు. తరువాతి పాటలో డోలు, కిక్రి, డప్పు పట్టిన ప్రతి మనిషి పేరూ ఊరూ రాయడం ఇవాళే చేయగల పని. కలిసి వాయించే ముందు ఎదుటివారి గురించి తెలుసుకోవాలనుకునే ప్రతివారూ, వాయించిన తరువాత లోకానికి వారిని తెలియజేసే బాధ్యతను కూడా స్వీకరించాలి.