ఇంట్లో చేసిన సబ్బు మంచిదా? చర్మాన్నే అడుగుదాం

పిల్లలూ! మా బెల్లంపల్లిలో చలికాలం వచ్చిందంటే బడిలో ఒక ఆట మొదలవుతుంది. ప్రార్థనకు వరుసలో నిలబడినప్పుడు పిల్లలు తమ ముంజేతి మీదనో, పిక్క మీదనో గోటితో పేరు గీసుకుంటారు. నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసినట్టు తెల్లటి అక్షరాలు పడతాయి. నేను చదువుకునే రోజుల్లో మేమూ ఈ ఆట ఆడినవాళ్లమే. ఆ తెల్లటి అక్షరాలు చర్మం మనకు రాసుకున్న ఫిర్యాదు అని అప్పుడు మాకు తెలియదు.

మొన్నటి చలికాలంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె పాత వార్తాపత్రికలో చుట్టిన సబ్బుబిళ్లను తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "సార్, ఇది మా అమ్మ జేసింది. ఇప్పనూనె, కొబ్బరినూనె పోసి జేసింది. రంగు లేదు, సెంటు లేదు. దుకాణం సబ్బు కంటె ఇదే మంచిదని అందరంటున్నరు. కని మా బాపు చేతులు ఇంక ఎక్కువ పగులుతున్నయి, ఎందుకు సార్?" అని అడిగింది. వాళ్ల బాపు బాయి పనికి వెళ్తాడు. మా ప్రాంతంలో బొగ్గుగనిని బాయి అనే అంటాం. షిఫ్టు దిగిన మనిషి ఒంటి మీద బొగ్గుదుమ్ము, యంత్రాల జిడ్డు కలిసి ఉంటాయి. సబ్బు లేకుండా ఆయనకు ఒక్కరోజు గడవదు.

"ఇంటిది మంచిది, కొన్నది చెడ్డది" అనడం సులువు. "కంపెనీవాళ్లకు తెలియనిది మీ అమ్మకు తెలుసా?" అనడం ఇంకా సులువు. ఈ రెండూ శాస్త్రం కావు. అందుకని తరగతిలోనే పరీక్ష పెట్టాం.

మీరూ చేయండి. పసుపును నీళ్లలో కలిపి తెల్లకాగితానికి పట్టించి నీడలో ఆరబెట్టండి. దాన్ని ముక్కలుగా కత్తిరించండి. ఒక ముక్క మీద దుకాణం సబ్బు నురుగు, ఒకదాని మీద ఇంటి సబ్బు నురుగు, మరొకదాని మీద కుంకుడుకాయ రసం, ఇంకొకదాని మీద పసుపు కలపని సున్నిపిండి నానిన నీళ్లు వేయండి. మా తరగతిలో ఏం జరిగిందో చెబుతాను. మొదటి రెండు ముక్కలూ ఎర్రబడ్డాయి. ఇంటి సబ్బు ముక్క మరీ ఎర్రగా మారింది. కుంకుడు, సున్నిపిండి ముక్కలు పసుపుపచ్చగానే ఉండిపోయాయి.

పసుపు ఎర్రబడిందంటే అక్కడ క్షారం ఉన్నదని అర్థం. అంటే ఇంటి సబ్బూ క్షారమే, కొన్న సబ్బూ క్షారమే. ఇందులో ఆశ్చర్యం లేదు. నూనెను గాని, కొవ్వును గాని కాస్టిక్ సోడాతో, అంటే సోడియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపిస్తేనే సబ్బు పుడుతుంది. నూనె విడిపోయి కొవ్వు ఆమ్లాలు సోడియంతో కలిసి సబ్బు అవుతాయి. మిగిలిన భాగం గ్లిజరిన్ అవుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు షెవ్రోల్ ఈ రహస్యాన్ని 1823లో అచ్చువేసిన తన గ్రంథంలో వివరించాడు. బలహీనమైన ఆమ్లం, బలమైన క్షారం కలిసి పుట్టిన లవణం కాబట్టి సబ్బు నీటిలో క్షారగుణమే చూపుతుంది. దాని పి.హెచ్. విలువ సాధారణంగా 9కి, 10కి మధ్య ఉంటుంది. వంటింట్లో చేసినా, కర్మాగారంలో చేసినా ఈ నియమం మారదు.

మన చర్మం సంగతి చూడండి. చెమట, చర్మపు నూనె కలిసి దాని పైపొరను కొంచెం ఆమ్లంగా ఉంచుతాయి. దాని పి.హెచ్. దాదాపు 5. పదో తరగతివాళ్లకు తెలుసు, పి.హెచ్. ఒక అంకె మారితే పది రెట్లు మారినట్టు. అయిదు నుంచి తొమ్మిదికి నాలుగు అంకెలు, అంటే పదివేల రెట్లు! ఆరోగ్యమైన చర్మం కొన్ని గంటల్లో తన ఆమ్లగుణాన్ని తిరిగి తెచ్చుకుంటుంది. కాని రోజుకు రెండు మూడుసార్లు సబ్బుతో రుద్ది, పైగా చలిగాలికి ఒప్పగిస్తే ఆ అవకాశం ఎక్కడిది? చర్మకణాల మధ్య ఉండే కొవ్వు కూడా మురికితోబాటు కొట్టుకుపోతుంది. లోపలి తేమ ఆవిరైపోతుంది. అప్పుడే గోటిగీతలు తెల్లగా పడతాయి.

మరి ఇంటి సబ్బులో ఏ మేలూ లేదా? ఉంది. నూరు గ్రాముల నూనె సబ్బుగా మారితే సుమారు పది గ్రాముల గ్లిజరిన్ పుడుతుంది. గ్లిజరిన్ నీటిని పట్టి ఉంచే పదార్థం, చర్మానికి నెచ్చెలి. పెద్ద కర్మాగారాలలో సబ్బుద్రవానికి ఉప్పునీరు చేర్చి గ్లిజరిన్‌ను వేరుచేస్తారు. మందులకు, లేపనాలకు, ఇతర పరిశ్రమలకు దానికి మంచి ధర వస్తుంది. ఆ గ్లిజరిన్ నుంచే నైట్రోగ్లిజరిన్ తయారవుతుంది. 1867లో ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్ చేసింది దానితోనే. గనుల్లో వాడిన పేలుడు పదార్థాలలో చాలాకాలం అదే ముఖ్యమైన భాగం. చూశారా వింత! సబ్బులోంచి తీసినది బొగ్గును పగులగొడితే, ఆ బొగ్గుదుమ్మును కడుక్కోవడానికి మిగిలిన సబ్బు పనికి వచ్చింది.

ఇంటి సబ్బులో గ్లిజరిన్ అంతా లోపలే ఉండిపోతుంది. అదీగాక తెలిసినవాళ్లు కాస్టిక్ సోడాను లెక్కకంటె నూటికి అయిదు పాళ్లు తగ్గించి వేస్తారు. దానితో కొంచెం నూనె మార్పు చెందకుండా మిగిలి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. ఇంటి సబ్బుకు ఉన్న అసలు బలం ఈ రెండే. "సహజం" అన్న మాటలో ఏ బలమూ లేదు. మన అడవుల్లో దొరికే నల్లజీడి గింజ సహజమైనదే. చాకలివాళ్లు బట్టల మీద చెరగని గుర్తులు పెట్టింది దాని రసంతోనే. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది! అడవిలో పుట్టిందని చర్మం దాన్ని క్షమిస్తుందా?

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం. వాళ్లమ్మ సబ్బు ఎందుకు మరీ ఎర్రబడింది? "అమ్మ ఎంత కాస్టిక్ సోడా వేసిందో అడిగి రా బిడ్డా" అన్నాను. మర్నాడు లెక్క తెచ్చింది. 300 గ్రాముల ఇప్పనూనె, 100 గ్రాముల కొబ్బరినూనె, 73 గ్రాముల కాస్టిక్ సోడా. తరగతి అంతా కలిసి లెక్క వేశాం. నూరు గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. నూరు గ్రాముల ఇప్పనూనెకు పదమూడున్నర గ్రాములు చాలు. ఎందుచేతనంటే కొబ్బరినూనెలోని కొవ్వు ఆమ్లాల గొలుసులు పొట్టివి. ఒకే బరువులో అవి ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఆ లెక్కన మొత్తానికి 59 గ్రాములు సరిపోతుంది, అయిదు పాళ్లు తగ్గిస్తే 56 గ్రాములు. ఆమె నేర్చుకున్నది కొబ్బరినూనె కొలత. నూనె ఖరీదని ఇప్పనూనె కలిపింది, కొలత మాత్రం మార్చలేదు. దాదాపు 14 గ్రాముల కాస్టిక్ సోడా చర్య లేకుండా సబ్బులోనే మిగిలింది. పగిలిన చేతులకు ప్రతిరోజూ తగిలింది అదే!

ఆ తల్లి తప్పేమీ లేదు. ప్రేమతో చేసింది. అయితే ప్రేమకు తరాజు కూడా తోడు కావాలి.

ఒక హెచ్చరిక. కాస్టిక్ సోడా ఆటవస్తువు కాదు. కంట్లో పడితే చూపు పోవచ్చు, చర్మాన్ని కాలుస్తుంది. దాన్నే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, నీళ్లను దాని మీద పోయరాదు. అల్యూమినియం గిన్నెను అది తినివేస్తుంది, మండే హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. పిల్లలు ఒంటరిగా ఈ పని చేయనే చేయకూడదు. పెద్దవాళ్లు చేసినా కళ్లద్దాలు, చేతితొడుగులు వేసుకుని, గ్రాములు తూచే త్రాసుతో చేయాలి. చేసిన బిళ్లను నాలుగు వారాలైనా ఆరనివ్వాలి.

దుకాణం సబ్బులన్నీ ఒక్కటే అనుకోవడం కూడా పొరపాటే. సబ్బుకాగితాన్ని పారేయకుండా చదవండి. దాని మీద టి.ఎఫ్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. అది అందులోని మొత్తం కొవ్వు పదార్థం. భారత ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బులో మొదటి తరగతికి కనీసం నూటికి 76, రెండో తరగతికి 70, మూడో తరగతికి 60 ఉండాలి. 'బేతింగ్ బార్' అని ఉన్నదానికి 40 ఉన్నా చాలు. బొమ్మలో నటి నవ్వు కంటె ఈ అంకె మీకు ఎక్కువ సంగతులు చెబుతుంది. కాని అది కూడా సబ్బు క్షారగుణాన్ని చెప్పదు సుమా. క్రిములను చంపుతామనే సబ్బుల సంగతికొస్తే, మామూలు సబ్బు, నీళ్ల కంటె అవి మేలని రుజువు చూపలేదని 2016లో అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ ట్రైక్లోసాన్ మొదలైన 19 పదార్థాలను అటువంటి సబ్బులలో వాడకుండా నిషేధించింది. ఇక బట్టల సబ్బుతో ఒళ్లు రుద్దుకునే అలవాటు మా దగ్గర ఇంకా చాలా ఇళ్లలో ఉంది. మురికి తొందరగా పోతుందని అలా చేస్తారు. అందులో కలిపే సోడా, సిలికేటు వంటివి బట్టల కోసమే గాని మనుషుల కోసం కాదు.

పసుపుకాగితాన్ని ఎర్రబరచని రెండింటినీ మరచిపోకండి. కుంకుడుకాయలో సాపోనిన్లు అనే నురుగిచ్చే పదార్థాలున్నాయి. దాని రసం కొంచెం ఆమ్లం. మా బోరునీళ్ల వంటి కఠినజలంలో సబ్బు తెల్లటి తెట్టుగా విరిగి ఒంటికి అంటుకుంటుంది. కుంకుడురసం అలా విరగదు. పెసరపిండితోనో, శనగపిండితోనో చేసే సున్నిపిండి జిడ్డును పీల్చుకుని, చర్మపు నూనెను పూర్తిగా దోచుకోకుండా వదులుతుంది. అమ్మమ్మల కాలపు స్నానంలోని మేలు ఇదే. గిరిజనులు సేకరించే కుంకుడు, శీకాయలను 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొంటూ వచ్చింది. కాబట్టి ఇవి ఒక జీవనాధారం కూడా. వీటికీ హద్దులున్నాయి. కుంకుడు కంట్లో పడితే మంట. తడిసిన పిండి నిలవుంటే పాడవుతుంది. యంత్రపు జిడ్డుకు సున్నిపిండి చాలదు.

అందుకే సబ్బును శత్రువుగా చూడవద్దు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ వైరసు కొవ్వుపొరను చీల్చి మనల్ని కాపాడినవాటిలో మామూలు సబ్బు ఒకటి. మలవిసర్జన తర్వాత, అన్నానికి ముందు చేతులకు సబ్బు తప్పనిసరి. బాయి దిగిన మనిషికీ అది అవసరమే. గనుల దగ్గర స్నానపు గదులు ఉండాలని 1959లోనే నియమాలు వచ్చాయంటే ఆ స్నానం ఎంత ముఖ్యమో ఊహించండి.

నా అభిప్రాయం ఇది. చర్మానికి సబ్బు ఎక్కడ తయారైందన్నది పట్టదు. ఎంత క్షారం మిగిలింది, ఎంత గ్లిజరిన్, నూనె ఉన్నాయి, రోజుకెన్నిసార్లు రుద్దాం అన్నవే దానికి పడతాయి. సరిగా తూచి చేసిన ఇంటి సబ్బు, గ్లిజరిన్ తీసేసిన చవక సబ్బు కంటె మృదువుగా ఉంటుంది. తూచకుండా చేసినది బట్టల సబ్బు కంటె కూడా చెడ్డది కావచ్చు. బడికి వెళ్లే పిల్లలకు చలికాలంలో చంకలు, గజ్జలు, పాదాలు, చేతులకు సబ్బు చాలు. మిగతా ఒంటికి గోరువెచ్చని నీళ్లు, అప్పుడప్పుడు సున్నిపిండి, తడి ఆరకముందే నాలుగు చుక్కల నూనె. ఖర్చు కూడా తక్కువ.

ఆ తల్లి కొత్త కొలతతో మళ్లీ సబ్బు చేసింది. నెల ఆరనిచ్చి వాడటం మొదలుపెట్టారు. ఫిబ్రవరి చివరలో ఆ అమ్మాయి, "సార్, బాపు చేతులు మంచిగైనయి" అని పరుగెత్తుకుంటూ వచ్చింది. నాకూ సంతోషమే కలిగింది. అయినా, "అప్పటికి చలి కూడా తగ్గింది గదా బిడ్డా, సబ్బు వల్లనా, ఎండ వల్లనా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "వచ్చే చలికాలం ఒక చేతికి ఇది, ఇంకో చేతికి అది రుద్దమంట సార్" అన్నది.

ఆమెకు పూర్తి మార్కులు వేశాను.