ఒక్క ‘బాధ’తో సరిపుచ్చువారికి

ఆంగ్లమునఁ దీవ్రదుఃఖమును దెలుపు మాటలెన్ని యున్నను, వాని కన్నిటికిని ‘బాధ’ యని యొకే యర్థము వ్రాసికొన్నఁ జాలునని బోధించుట మన పాఠశాలలలో నాచారమైపోయినది. విద్యార్థులు కొనుచున్న గైడు పుస్తకములను దెఱచి చూడుఁడు. ఏగొనీ యనఁగా బాధ. ఆంగ్విష్ అనఁగా బాధ. టార్మెంట్ అనఁగా బాధ. టార్చర్ అనఁగా మిక్కిలి బాధ! ఈ ‘మిక్కిలి’ని జేర్చిన మహానుభావుఁడు తాను గొప్ప సూక్ష్మభేదమును జూపితినని సంతసించియుండును.

మా తరగతిలో నొక బాలుఁడు, చెఱువులో బిడ్డను బోఁగొట్టుకొన్న తల్లి కథను ఆంగ్లమున వ్రాయుచు, ఆమె టార్చర్‌లో నున్నదని వ్రాసెను. ఆమె నెవరు హింసించిరని యడిగితిమి. “ఎవరును లేరండీ, బిడ్డ చనిపోయినదిగదా” యని వాఁడు తెల్లఁబోయెను. తప్పు వానిది కాదు. ఈ సంగతి సాటి యుపాధ్యాయుఁడైన మిత్రునితోఁ జెప్పఁగా, “అందువలన మార్కులు పోవు. ఈకకు ఈక, తోకకు తోక పీకుట పండితుల కాలక్షేపము” అని యాయన నవ్వెను. ఆయనకును, ఆయనవంటివారికిని మేమిచ్చు ప్రత్యుత్తరమే యీ వ్యాసము.

ఈ మాటలు తక్కువ బాధ, ఎక్కువ బాధ యని మెట్లవలెఁ బేర్చినవి కావు. ఒక్కొక్కటి యొక్కొక్క దిక్కునుండి వచ్చినది. గ్రీకుల ‘అగోన్’ అనఁగాఁ బందెము. దానినుండి పుట్టిన ‘అగోనియా’ గెలుపుకొఱకైన పెనఁగులాట. కాఁబట్టి ఏగొనీలో నున్నవాఁ డూరక పడియుండఁడు, దేనితోడనో పెనఁగుచుండును. గెత్సేమనే తోఁటలో యేసు ప్రార్థించిన రాత్రికి క్రైస్తవు లీ పేరే పెట్టిరి. ప్రాణము పోవువేళఁ గలుగు కొట్టుమిట్టాటకును ఆంగ్లేయులు దీనినే వాడుదురు.

ఆంగ్విష్ వేఱు. లాటినున ‘అంగుస్తియా’ యనఁగా ఇఱుకు. గొంతు నొక్కినట్లు, ఊపిరి యాడనట్లు ఉండుట దీని స్వభావము. యాంగ్జైటీయు, గుండెజబ్బు పేరైన ఆంజైనాయు నీ కుటుంబములోనివే. మన వేదములలోని ‘అంహస్’ శబ్దము దీనికి జ్ఞాతి. దానికిని ఇఱుకు, ఆపద, పాపము అను నర్థములున్నవి. బిడ్డను బోఁగొట్టుకొన్న యా తల్లికిఁ దగిన మాట యిదియే. ఆమె యెవరితోను బెనఁగుట లేదు, ఆమె నెవరును హింసించుట లేదు. ఆమెకు లోకమంతయు నిఱుకైపోయినది.

టార్చర్, టార్మెంట్ అనునవి తోఁబుట్టువులు. రెండింటికిని మెలిపెట్టుట యను నర్థముగల లాటిను ధాతువే మూలము. అయినను టార్చర్‌నకు మెలిపెట్టు చేయి యొకటి కావలెను. ఆ చేతి వెనుక బుద్ధి యొకటి కావలెను. టార్మెంట్‌కు మనుష్యుఁడే యక్కఱలేదు. అనుమానము చేయఁగలదు, అప్పు చేయఁగలదు, దోమ చేయఁగలదు. అది యాగి యాగి, మరల మరల వచ్చును. మిజరీ యనఁగా నొకనాఁటి నొప్పి కాదు, జనులందుఁ గాపురముందురు. ఇఁక సఫరింగ్ అను మాటలోని ‘ఫెర్’ మన ‘భృ’ ధాతువునకు జ్ఞాతి. మన ‘భరించు’టయు నా ధాతువునుండి వచ్చినదే. ఈ సంగతి చెప్పిననాఁడు తరగతిలో నిద్రించుచున్న యిద్దఱు లేచి కూర్చుండిరి.

ఇది కాలక్షేపమే యనుకొందము. అయినచో 1971లో ఉత్తర ఐర్లండులో బ్రిటిషు ప్రభుత్వము విచారణలేక నిర్బంధించిన పదునాల్గురి గతి యేమి? వారిని గోడవైపు గంటలకొలఁది నిలఁబెట్టిరి. తలలకు ముసుఁగులు దొడిగిరి. ఎడతెగని రొదలో నుంచిరి. నిద్రను, అన్నపానములను దప్పించిరి. 1976లో ఐరోపా మానవహక్కుల సంఘము దీనిని టార్చరనియే తేల్చెను. 1978లో ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము, ఇది యమానుషమే, అవమానకరమే, కాని టార్చర్ అను మాటకుఁ గావలసినంత తీవ్రత దీనికి లేదని తీర్పు చెప్పెను. తీర్పును మరలఁ బరిశీలింపుఁడని కోరఁగా, 2018లోఁ గాదనిరి. ఆ పదునాల్గురు ‘బాధ’ పడలేదని యెవరును ననలేదు. ఏ బాధ యనునదియే వ్యాజ్యము!

ఇంకొకటి వినుఁడు. 2002లో అమెరికా న్యాయశాఖలోని న్యాయవాదులు, అవయవము చెడుట, ప్రాణము పోవుట మొదలగువానితోఁ గలుగు నొప్పికి సమానమైనఁగాని శారీరకమైన నొప్పి టార్చర్ కాఁజాలదని తమ ప్రభుత్వమునకు వ్రాసియిచ్చిరి. లోకమునకుఁ దెలిసి రచ్చయైన పిమ్మట 2004లో దానిని వెనుకకుఁ దీసికొనిరి. ఈకలు పీకుట యెవరికిఁ జక్కఁగాఁ దెలియునో చూచితిరా? ఆ విద్య వారికి మాత్రమే యుండి, మన పిల్లలకు లేకపోవలెనా?

అట్లని ఆంగ్లము భాగ్యవంతము, తెనుఁగు దరిద్రము అనువారితో మేము చేరము. శరీరబాధను వర్ణించుటకు ఆంగ్లమున మాటలు కఱవని వర్జీనియా వుల్ఫ్ 1926లోనే మొఱపెట్టినది. 1975లో మెల్జాక్ అను శాస్త్రజ్ఞుఁడు, మెక్‌గిల్ విశ్వవిద్యాలయము పేర, రోగులు తమ నొప్పి నేరి చెప్పుకొనుటకై 78 మాటలను 20 గుంపులుగాఁ గూర్చెను. త్రాబింగ్, స్టాబింగ్, బర్నింగ్ అని యందుఁ గలవు. మన యవ్వ యే పట్టికయుఁ జూడక పుండు సలుపుచున్నదనును, డొక్కలోఁ బోటనును, కండ్లు మంటలనును, కాళ్ళు పీకుచున్నవనును. కడుపుకోత యను మాట యామె నోట వచ్చినచో, అది కడుపునొప్పి కాదనియు, బిడ్డ పోయినదనియుఁ బసివానికిని దెలియును. ఆమె మనుమరాలు పట్టభద్రురాలై, వైద్యునియెదుటఁ గూర్చుండి, ‘పెయిన్’ అని యూరకుండును. ఎట్టి పెయిన్ అమ్మా యని యాయన యడిగిన, ‘బాగా పెయిన్’ అనును.

ఇంతకన్నఁ గీడైన దింకొకటి. నేఁడు మన యిండ్లలోఁ బిల్లలకు లెక్కల పాఠము టార్చర్, తల్లికి వేసవి టార్చర్, తండ్రికి ప్రయాణము టార్చర్. ఇట్లరిగిపోయిన నాణెమునే, అత్తవారింట నిజముగా హింసపడుచున్న పిల్ల పుట్టింటికిఁ జేసిన ఫోనులో వాడును. “అందఱు కోడండ్రు ననుమాటయేలే, సర్దుకొమ్ము” అని తండ్రి పెట్టివేయును. చట్టమైన నింత తేలికగా మాటాడలేదు. 1983లో శిక్షాస్మృతిఁ జేరిన 498ఎ సెక్షను ‘క్రూయెల్టీ’ యని, అది యెట్టిదో విడఁదీసి చెప్పి, మనస్సునకుఁ గలుగు హానినిగూడ నందుఁ జేర్చినది. 2024 జూలై 1 నుండి యమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఆ నిర్వచనము నిలిచినది. ఆ పిల్ల చెప్పవలసినది ‘టార్చర్’ కాదు: ఎవరు, ఏమి, ఎన్నినాళ్ళనుండి యని. ఆ తండ్రి యడుగవలసినదియు నదియే.

మా తరగతిలో నా గైడు పుటను గొట్టివేయించితిమి. ఆ బాలుఁడు తన వాక్యమును దిద్ది, ఆంగ్విష్ అని వ్రాసి తెచ్చెను. తెచ్చి, “మా నాయనమ్మ కాళ్ళతీపులనును, దానికి ఆంగ్లమున నేమండీ?” యని యడిగెను. ‘ఏక్’ అని చెప్పితిమి. వానికిఁ దృప్తి కలుగలేదు. మాకును గలుగలేదు.