మాట పుట్టుక కాదు, తాకిన దెబ్బ చూడాలె

ఊరి వాట్సాప్ గ్రూపుల ఎవలన్న "హరిజనవాడ" అని రాస్తరు. అట్ల రాయొద్దని మన పిలగాడొకడు అంటడు. ఎంటనే జవాబు వస్తది: "హరిజన అంటే దేవుని మనుషులు. అండ్ల తప్పేమున్నది?"

ఇనేటందుకు తెలివిగల్ల మాట లెక్కనే ఉంటది. కానీ ఒక మాట ఎక్కడ పుట్టిందన్నది వేరే ముచ్చట, ఇయ్యాల అది ఏం పని చేస్తున్నదన్నది వేరే ముచ్చట. రెండు కలిపితే లాభం అన్నోనికే, పడ్డోనికి కాదు.

గాంధీ 1933ల "హరిజన్" పత్రిక మొదలువెట్టిండు. 1938ల బొంబాయి శాసనసభల ఆ మాటను చట్టంల ఎక్కిస్తుంటే అంబేడ్కర్ తన పార్టీ సభ్యులతోటి బయటికి నడిచిండు. కుల సర్టిఫికెట్లల్ల ఆ మాట రాయొద్దని 1982ల కేంద్రమే రాష్ట్రాలకు చెప్పింది.

కోర్టు గూడ ఇదే తేల్చింది. "చమార్" అని తిట్టిన కేసొకటి 2008ల సుప్రీంకోర్టుకు పోయింది. ఆ మాట పుట్టుక చూస్తే తోలుపని చేసేటోడు అని, అంతే. కానీ పుట్టుక అర్థం పట్టుకుంటే అట్రాసిటీ చట్టం ఉద్దేశమే దెబ్బతింటదని, జనం వాడుకల ఉన్న అర్థమే చూడాలెనని కోర్టు చెప్పింది. అవమానం చెయ్యాలని నలుగురి ముంగట అట్లంటే నేరమే. "హరిజన" మాటను గూడ ఇప్పుడు అవమానించేటందుకే వాడుతుండ్రని 2017ల అదే కోర్టు అన్నది.

ఇగ తిరగేసి చూడుండ్రి. "దళిత" అంటే పుట్టుకల నలిగిన, చీలిన అని అర్థం. నిఘంటువే లెక్కయితే ఆ పేరు ఎవలూ పెట్టుకోవద్దు. కానీ 1972ల బొంబాయిల దళిత్ పాంథర్స్, 1985ల కారంచేడు ఊచకోత తర్వాత దళిత మహాసభ ఆ మాటనే జెండా చేసినయి. 1994ల మొదలైన దండోరా ఉద్యమంల మనోళ్లు పేరు చివర మాదిగ అని రాసుకున్నరు. తిట్టుగా ఇన్న పేరే ఆత్మగౌరవం అయింది. నోరు మారింది, ఉద్దేశం మారింది, అర్థం మారింది.

మాటల చరిత్ర చదవొద్దని నేనంటలేను, చదవాలె. దాన్ని అడ్డం పెట్టుకొని పక్కోని బాధ ఉత్తదే అంటే మాత్రం ఊకోవద్దు.

తమ్ముడూ, చెల్లే! మీ ఊళ్లె బోర్డు మీద, పంచాయతీ కాయితాలల్ల ఇంక ఏ పేరున్నదో ఒకపారి చూడుండ్రి. పాత పేరే ఉంటే ఆ వాడోళ్లకు ఏ పేరు కావాల్నో వాళ్లనే అడుగుండ్రి. వచ్చే గ్రామసభల అర్జీ పెట్టుండ్రి.