గాలిలో వచ్చిన బొమ్మ ఇంట్లో మిగలాలంటే

వార్తాపత్రికను మడిచి దాచుకోవచ్చు. పుస్తకాన్ని అలమారలో పెట్టుకోవచ్చు. టెలివిజన్ కార్యక్రమం మాత్రం చూస్తుండగానే గాలిలో కలిసిపోతుంది. ప్రసారం చేసిన సంస్థ తన ప్రతిని భద్రపరుస్తుందిలే అని మనం నిశ్చింతగా ఉంటాం. ఆ నమ్మకం అన్ని వేళలా నిలవదు. బ్రిటన్‌లో బి.బి.సి. సంస్థ 1960, 70 దశకాలలో ఖరీదైన వీడియో టేపులను ఆదా చేయడానికి పాత కార్యక్రమాలను చెరిపి వాటిపైనే కొత్తవి రికార్డు చేసింది. సుప్రసిద్ధమైన 'డాక్టర్ హూ' ధారావాహికలో అనేక భాగాలు ఆ విధంగా నశించాయి. అయినా, నశించిన ఆ భాగాల శబ్దమంతా నేటికీ వినవచ్చు. టెలివిజన్ ముందు టేప్ రికార్డరు పెట్టుకొని కూర్చున్న సామాన్య ప్రేక్షకులే దానిని కాపాడారు.

ఆనాటి ప్రేక్షకునికి శబ్దమే దక్కింది. ఈనాటి ప్రేక్షకుడు బొమ్మను సైతం, స్టేషను పంపిన నాణ్యత రవ్వంత తగ్గకుండా దాచుకోగలడు. అందుకు ముఖ్యంగా కావలసినవి బొటనవ్రేలంత యు.ఎస్.బి. ట్యూనరు, అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. 2012 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో విడుదలైన రాస్ప్‌బెర్రీ పై ఈ కోవకు చెందినదే. అదే సంవత్సరం అక్టోబరులో ఆ దేశంలో పాత అనలాగ్ ప్రసారాలు పూర్తిగా ముగిసి, డిజిటల్ ప్రసారాలే మిగిలాయి.

ఇంత చిన్న యంత్రం అంత పెద్ద పని ఎలా చేస్తుంది? బొమ్మను కుదించే బరువైన పనంతా స్టేషనులోనే జరిగిపోతుంది. ట్యూనరు యాంటెన్నా నుండి తరంగాన్ని అందుకొని, అంకెల ప్రవాహంగా మార్చి కంప్యూటరుకు అందిస్తుంది. ఆ ప్రవాహం 188 బైట్ల చిన్న చిన్న పొట్లాలుగా వస్తుంది. ఏ పొట్లం ఏ కార్యక్రమానిదో తెలిపే గుర్తు దానిపైనే ఉంటుంది. తపాలా ఉద్యోగి ఉత్తరాలను అరలలో సర్దినట్లు, కంప్యూటరు కావలసిన పొట్లాలను ఏరి డిస్కులో పేర్చుతుంది.

బ్రిటన్‌లో 8 మెగాహెర్ట్జ్ వెడల్పు గల ఒక ప్రసార మార్గంలో సెకనుకు సుమారు 24 మెగాబిట్లు ప్రవహిస్తాయి. అనేక ఛానళ్లు ఆ ఒక్క మార్గంలోనే కలిసి ప్రయాణిస్తాయి. కనుక ఒకే మార్గంలో వచ్చే రెండు మూడు కార్యక్రమాలను ఒక్క ట్యూనరుతోనే ఏకకాలంలో రికార్డు చేయవచ్చు. మార్గాలు వేరైతే రెండవ ట్యూనరు అవసరమవుతుంది. సెకనుకు 3 మెగాబిట్ల చొప్పున వచ్చే కార్యక్రమం గంటకు 1.35 గిగాబైట్ల చోటు ఆక్రమిస్తుంది. ప్రసారంతోపాటే వచ్చే కార్యక్రమాల పట్టికను చదివి, వేళకు రికార్డింగు మొదలుపెట్టే 'టి.వి.హెడెండ్' వంటి సాఫ్ట్‌వేరు ఉచితంగా లభిస్తుంది.

ఇందులో చిక్కులు లేకపోలేదు. అనలాగ్ రోజులలో తరంగం బలహీనమైతే బొమ్మపై చుక్కలు రాలేవి. అయినా మనిషి ఆనవాలు తెలిసేది. డిజిటల్‌లో బలం ఒక హద్దు దాటి తగ్గితే బొమ్మ ముక్కలై, ఆగిపోతుంది. అందుచేత కంప్యూటరు కంటే మంచి యాంటెన్నాకే ముందు ఖర్చు పెట్టాలి. ట్యూనరుకు విద్యుత్తు చాలకపోయినా రికార్డింగు చెడుతుంది. విడిగా కరెంటు తీసుకొనే యు.ఎస్.బి. హబ్ ఆ లోటు తీరుస్తుంది. మెమరీ కార్డుపై ఎడతెగక రాస్తే అది త్వరగా అరిగిపోతుంది కనుక హార్డ్ డిస్కు మేలు.

మన దేశంలో పరిస్థితి కొంత వేరు. దూరదర్శన్ పాత అనలాగ్ ప్రసారాలు 2022 నాటికి దాదాపు అంతటా ముగిశాయి. టవరు నుండి డిజిటల్ ప్రసారాలను 2016 నాటికి ఢిల్లీ, ముంబయి, చెన్నై వంటి కొన్ని నగరాలలోనే ప్రారంభించారు. అవి డి.వి.బి.-టి2 పద్ధతిలో వస్తాయి. మొదటి తరం ట్యూనర్లు వాటిని పట్టలేవు. పల్లెలకు సైతం అందేది 2004 డిసెంబరులో ప్రారంభమైన దూరదర్శన్ ఉచిత ఉపగ్రహ ప్రసారం, నేటి డి.డి. ఫ్రీ డిష్. డిష్ యాంటెన్నాకు ఉపగ్రహ ట్యూనరు తగిలిస్తే, అందులో తాళం వేయని ఛానళ్లను ఇదే రీతిలో రికార్డు చేయవచ్చు.

ఇది న్యాయమేనా అన్న సందేహం సహజం. మన 1957 కాపీరైటు చట్టం 39వ సెక్షను ప్రకారం, స్వంత వినియోగానికి రికార్డు చేసుకోవడం ప్రసార సంస్థ హక్కుకు భంగం కాదు. ఆ ప్రతులను అమ్మడానికీ, పదిమందికి పంచడానికీ మాత్రం ఈ మినహాయింపు వర్తించదు.

మీ ఊరి నాదస్వర విద్వాంసుని కచేరీయో, మీ తాతగారు మాట్లాడిన చర్చయో ప్రసారమైతే, దాని ప్రతి స్టేషనులో ఎంతకాలం ఉంటుందో ఎవరూ హామీ ఇవ్వరు. కనుక రికార్డింగు ముగియగానే ఒకసారి తెరిచి చూడండి. కార్యక్రమం పేరు, ఛానలు, తేదీ రాసి పెట్టండి. మరొక డిస్కులో నకలు ఉంచండి. మీరు దాచిన ప్రతియే ఏనాటికైనా మిగిలిన ఏకైక ప్రతి కావచ్చు.