చర్మము బిగిసినచో హృదయమును పరీక్షింపవలెను

చలికి చేతివ్రేళ్లు తెల్లబడి, పిమ్మట నీలమై, తుదకు ఎర్రబారుట, చర్మము బిగిసి గట్టిపడుట సిస్టమిక్ స్క్లీరోసిస్ అను వ్యాధి లక్షణములు. దీనినే స్క్లీరోడెర్మా అందురు. మా గౌలిపురలో పలువురు దీనిని కేవల చర్మరోగమని తలచి తైలమర్దనముతో సరిపెట్టుకొందురు. కాని చర్మమును బిగించు నారపదార్థమే గుండెకండరములోను పేరుకొనగలదు. గుండె లయ తప్పవచ్చును. ఊపిరితిత్తుల రక్తనాళములలో పీడనము హెచ్చి కుడిగుండెపై భారము పడవచ్చును. ఆరంభమున రోగికి ఏ బాధయు తెలియకపోవచ్చును. ఆయాసము తోచునప్పటికి వ్యాధి ముదిరి యుండును.

చరకుడు హృదయమును త్రిమర్మములలో ఒకటిగా చెప్పెను. నాడీపరీక్ష నేను గురుకులమున నేర్చిన విద్యయే. అయినను ఈ తొలిదశ నాడికి చిక్కునని నేను చెప్పను. వ్యాధి నిర్ధారణ కాగానే, పిమ్మట బాధ లేకున్నను ఏటేటా, ఇ.సి.జి., ఎకో, ఊపిరితిత్తుల సామర్థ్యపరీక్ష, ఎన్.టి. ప్రో బి.ఎన్.పి. అను రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. ఎకో బాగుగానున్నను అనుమానము తీరనిచో, కండరములోని మచ్చలను గుండె ఎం.ఆర్.ఐ. చూపగలదు. పంజగుట్టలోని నిమ్స్‌లో రుమటాలజీ విభాగమున్నది. పాతబస్తీవారికి అది అందని దూరము కాదు.

గోరువెచ్చని నువ్వులనూనె మర్దనము మానవలసిన పనిలేదు. అచ్చటికి పోవునప్పుడు వాడుచున్న చూర్ణములు, భస్మముల పేర్లు దాచక ఆ డాక్టరుగారికి చెప్పుడు.