దమ్ము చక్రములు, అదనపు పట్టీలు

సాగరు కుడి కాలువకు నీరు వదలగనే పల్నాటి మాగాణులలో దమ్ము పనులు ప్రారంభమగును. కొందరు రైతులు ఇనుప దమ్ము చక్రములతోనే ట్రాక్టరును తారు రోడ్డుపై ఊరూరికి నడుపుచున్నారు. మిరప కోతల కాలమున మరికొందరు ట్రాలీకి అదనముగా కమాను పట్టీలు వేయించి, ప్రక్క పలకలు పెంచి, బస్తాలు ఎత్తుగా నింపి, వానిపై కూలి స్త్రీలను కూర్చుండబెట్టుచున్నారు.

చక్రములు విప్పి బిగించుటకు కూలియు కాలమును పట్టునని మేమెరుగుదుము. ఐనను సోదరులు యోచింపవలెను. ఇనుప రెక్క బురదను పట్టునుగాని తారును పట్టజాలదు. బ్రేకు వేసినను జారును, రోడ్డును చీల్చును. అదనపు పట్టీ బండిని క్రుంగనీయదుగాని, ఇరుసునకు, టైరునకు, బ్రేకునకు క్రొత్త బలమీయదు. బరువు ఎత్తునకు పోయినకొలది కాలువ కట్ట మలుపున ట్రాలీ తిరుగబడుట సులభము.

చట్టమును స్పష్టముగనే యున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము దృష్టిలో ట్రాలీయు మోటారు వాహనమే. 52వ సెక్షను ప్రకారము ఆర్.సి.లోని తయారీదారు వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టును ఇట్లే తీర్పు చెప్పినది. ఆ యేటి సవరణ వలన అట్టి యజమానికి ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానాగాని, 6 మాసముల వరకు ఖైదుగాని, రెండునుగాని విధింపవచ్చును.

కావున దమ్ము చక్రములను ట్రాలీలో తీసికొనిపోయి చేని గట్టుననే బిగింపవలెను. జాకీని, పానాలను సంఘము ఉమ్మడిగా సమకూర్చినచో ఆ శ్రమ తగ్గును. సరకు బండిపై మనుష్యులను ఎక్కించుట మానవలెను. గంట పని మిగులునని ఒక యింటి దీపమును పణమొడ్డుట సేద్యము కాదు.