అప్పు సంతకానికి ముందు తేలాల్సిన ప్రశ్న

పటాన్‌చెరు, రామచంద్రాపురం, అమీన్‌పూర్ వైపు అబ్బాయో అమ్మాయో ఎంఎస్‌కు వెళ్తామనగానే ఇంట్లో ముందు బీరువాలోంచి బయటికొచ్చేవి ప్లాటు కాగితాలు. ఆ తర్వాత కన్సల్టెన్సీ, ట్రాన్స్‌క్రిప్టులు, రికమండేషన్ లెటర్లు, ఐ-20, వీసా స్లాటు, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు వరసగా సాగిపోతాయి. వీటిని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ ఏం నేర్చుకోవడానికి వెళ్తున్నామన్న ప్రశ్న మాత్రం ఎస్‌ఓపీ (ఆ కోర్సు ఎందుకో విశ్వవిద్యాలయానికి చెప్పుకునే పత్రం) రాసేరోజు దాకా ఎవరికీ గుర్తురాదు. అప్పుడు కూడా ఎవరిదో నమూనా తీసుకుని పేరు మార్చి పంపేవాళ్లున్నారు. ఈ ప్రాంత పట్టభద్రులు అప్పు పత్రంపై సంతకం పెట్టేముందు ఏడాదో రెండేళ్లో ఇక్కడే పనిచేసి ఆ ప్రశ్నను తేల్చుకోవడం మేలు.

అందుకు పటాన్‌చెరు పారిశ్రామిక వాడ కన్నా అనువైన చోటు దొరకడం కష్టం. ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్ష) ల్యాబ్‌నే తీసుకోండి. నైట్ షిఫ్టులో హెచ్‌పీఎల్‌సీ తెరమీద ఇంప్యూరిటీ పీక్ పరిమితి దాటిందంటే ఓఓఎస్ (నిర్దేశిత పరిమితిలో లేని ఫలితం) నమోదవుతుంది. లోపం శాంపిల్ తయారీలో ఉందా, కాలమ్‌లో ఉందా, అసలు రియాక్టర్‌లోనే ఉందా అన్నది తేలేదాకా ఆ బ్యాచ్ గేటు దాటకూడదు. పరీక్ష కోసం బట్టీపట్టిన క్రొమటోగ్రఫీ అక్కడ జవాబు వెతకాల్సిన సమస్యగా ఎదురవుతుంది. 2025 జూన్ 30న పాశమైలారం సిగాచీ పరిశ్రమలో పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రాసెస్ సేఫ్టీ ఎందుకు చదవాలో ఇక ఈ ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. పరిశ్రమల వ్యర్థాలతో ఇక్కడి నక్కవాగు పాడైన వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వ్యర్థజలాల శుద్ధి కూడా మాస్టర్స్ చేయదగిన విషయమే. పరిశోధన ఎలా జరుగుతుందో దగ్గర్నుంచి చూడటానికి పటాన్‌చెరులో 1972 నుంచి వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది, కందిలో ఐఐటీ ఉంది. ఇలాంటి సమస్య ఒకటి చేతికి తగిలినవాళ్లు ర్యాంకుల పట్టికతో సరిపెట్టుకోరు. దానిపై ఏ ప్రొఫెసర్ పనిచేస్తున్నారో వెతుకుతారు, ఆ పేపర్లు చదువుతారు. వాళ్లు రాసే ఎస్‌ఓపీకి నమూనాతో పనిలేదు.

అప్పు లెక్క చూసినా తేలేది ఇదే. 30, 40 లక్షల అప్పును డాలరు జీతంతో తీర్చేస్తామన్నది చాలా కుటుంబాల ధీమా. అమెరికాలో ఆ జీతానికి తొలి మెట్టు ఏడాది ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి), స్టెమ్ కోర్సులకైతే మరో 24 నెలలు. తర్వాత ఉద్యోగ వీసా కోసం హెచ్‌1బీ లాటరీ. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం అక్కడ గ్రాడ్యుయేట్ (పీజీ, ఆపై) కోర్సుల్లోని భారతీయులు 2023-24లో 1,96,567 మంది. మరుసటి ఏడాది 1,77,892కు తగ్గారు. అదే ఏడాది ఓపీటీలో ఉన్నవాళ్లు మాత్రం 97 వేల నుంచి 1,43,740కి పెరిగారు. అంటే ఇప్పుడు వెళ్లేవాళ్ల కన్నా ముందు ఉద్యోగాల వరసలో పెద్ద గుంపే ఉంది. అందువల్ల ప్రతి కుటుంబం వేసుకోవాల్సిన లెక్క ఒకటుంది: రెండేళ్లకు తిరిగి రావాల్సివస్తే ఈ డిగ్రీతో ఇక్కడ ఏ పని దొరుకుతుంది, ఆ జీతంతో ఈఎంఐ ఎంతవరకు కట్టగలం? ఒక పనిలో అనుభవం ఉండి, దాన్నే పైకి చదివినవాళ్ల దగ్గర దీనికి జవాబుంటుంది.

ఆలస్యం చేస్తే వీసా నిబంధనలు ఇంకా బిగుస్తాయన్నది మొదటి అభ్యంతరం. నిజమే కావచ్చు. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్‌1బీ పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించి, అక్కడే చదివి వీసా హోదా మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది. అయితే నిబంధనలు చదువు మధ్యలోనూ మారతాయి; తొందరపడి వెళ్లినంత మాత్రాన రక్షణ దొరకదు. చేరేది ఎలాంటి విశ్వవిద్యాలయమో తేల్చుకోని తొందర వల్ల నష్టం మాత్రం చూశాం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడి ఎందరో తెలుగు విద్యార్థులు వీధిన పడ్డారు. అమెరికా అధికారులే వలపన్నిన ఫార్మింగ్టన్ అనే బూటకపు విశ్వవిద్యాలయం వ్యవహారంలో 2019 మొదట్లో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది మనదేశం వాళ్లే. ఫ్రెషర్‌కు ఇక్కడిచ్చే జీతం ఏ మూలకూ రాదన్నది రెండో అభ్యంతరం. అదీ కాదనలేం. కానీ ఆ ఏడాదిలో వచ్చేది చిన్న జీతమైనా జమే. తప్పు కోర్సులో చేరితే పోయేది అప్పు తెచ్చిన లక్షలు. అమ్మాయిలకు మాత్రం ఆ ఏడాది పెళ్లి సంబంధాల ఒత్తిడిగా మారుతుందన్న భయం నిజమైనదే. దాన్ని తీర్చాల్సింది తల్లిదండ్రులే. చదువు నిర్ణయం జరిగిపోయిందని ముందే మాటిస్తే చాలు. ఉద్యోగాలన్నీ కంప్యూటర్ కోర్సుల్లోనే ఉన్నాయి కదా అనేవాళ్లు, ఆ వరసలోనే పోటీ ఎక్కువన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వం విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇస్తోంది. ఎంపికలో పని అనుభవానికి తగిన విలువ ఇస్తే ఆ సొమ్ము మరింత అక్కరకొస్తుంది. ఈ వాడలోని కంపెనీలు కూడా చివరి ఏడాది విద్యార్థులను నాలుగు రోజుల ఇండస్ట్రియల్ విజిట్‌తో పంపేయకుండా ఆరు నెలలు ల్యాబ్‌లో కూర్చోబెట్టాలి. ఇంట్లో పెద్దలు చేయాల్సింది అంతకన్నా తేలిక. ప్లాటు తాకట్టు పెట్టేముందు పిల్లల చేత ఒక పేజీ తెలుగులో రాయించుకోవాలి: ఏ సమస్య మీద చదువుతారు, ఆ కోర్సే ఎందుకు, తిరిగొస్తే ఏం చేస్తారు. ఆ పేజీ నిండకపోతే వచ్చే ఏడాది ఇన్‌టేక్ దాకా ఆగడంలో నష్టమేమీ లేదు.